బ్రెన్నా భుజానికి తగిన తుపాకీ

ఆగస్టు మొదటి వారంలో, గడ్డి కోతలు సగంలో ఉండగా, డెల్మర్ స్కోగెన్ కోడలు బ్రెన్నా ఆయన వంటింట్లోకి వచ్చి బల్ల మీద ఒక కాగితం పెట్టింది. లాటరీలో ఆమెకు ఆడ ఎల్క్‌ను వేటాడే లైసెన్సు వచ్చింది.

"మామయ్యా, ఎల్క్‌కి ఏ కాలిబర్ మంచిది?" అని అడిగింది.

బిగ్ హోల్ లోయలో డెల్మర్‌ని ఆ ప్రశ్న అడిగేవాళ్లు మధ్యాహ్నమంతా కూర్చోవడానికి సిద్ధపడి అడగాలి. గొట్టం ఎంత లావుండాలి, గుండు ఎన్ని గ్రెయిన్లు తూగాలి, భుజం ఎముకకు తగిలితే లోపలికి వెళ్తుందా, అక్కడే చితికిపోతుందా అని నలభై ఏళ్లుగా ఆయన విజ్డమ్ ఊరి కాఫీ కొట్లో వాదిస్తూనే ఉన్నాడు. గుర్రమంత దుప్పి అది, దానికి ముప్పై-నాట్-సిక్స్ కంటే తక్కువది పనికిరాదన్నది ఆయన మతం. అంతకంటే చిన్న టూ-సెవెంటీ చాలన్నాడని ఒక మనిషితో రెండేళ్లు మాటలు మానేశాడు. ఇప్పుడు ఆ ప్రశ్న విని కాఫీ కప్పులోకి చూశాడు.

"ఏదైనా ఒకటేనమ్మా. తగలాల్సిన చోట తగిలితే చాలు."

"మూడేళ్ల కింద థాంక్స్‌గివింగ్ పండగ రోజున ఇదే బల్ల దగ్గర దీని మీద రెండు గంటలు మాట్లాడారు మీరు. నాకు బాగా గుర్తు, ఆ రెండు గంటలూ గిన్నెలు తోమింది నేనే."

పొయ్యి దగ్గర నిలబడ్డ ఇర్మా ముక్కుతో చిన్నగా నవ్వింది. డెల్మర్ నవ్వలేదు. నవ్వాల్సిన మాటని తెలిసింది గానీ నవ్వు రాలేదు. జనవరి నుంచీ ఆయనకు అన్నీ అలాగే ఉన్నాయి.

జనవరిలో వాళ్ల కొడుకు వేడ్ పోయాడు. ముప్పై ఆరేళ్లు. కనుమ అవతలి పశువుల క్షేత్రంలో పనికి పోతుంటే మంచు మీద ట్రక్కు జారి లోయలో పడింది. ఇర్మా రెండు నెలలు ఏడ్చింది. డెల్మర్ ఏడవలేదు. నేల రాయిలా గడ్డకట్టి ఉంటే యంత్రం తెప్పించి గొయ్యి తవ్వించారు. ఆ యంత్రం వెనక చక్రం దగ్గర నూనె కారుతోందనీ, సీలు మార్చకపోతే వారంలో పాడవుతుందనీ అనుకుంటూ నిలబడ్డాడాయన. ఆ రోజు గురించి ఆయనకు మిగిలిన జ్ఞాపకం అదొక్కటే.

"అసలు నీకెందుకమ్మా ఈ వేట?" అంది ఇర్మా. "అడగాలే గానీ ఊళ్లో ఎవరైనా ఓ కాలు మాంసం ఇస్తారు."

"ఇస్తారు అత్తయ్యా. మాంసంతో పాటు ఆ జాలి చూపు కూడా ఇస్తారు. ఆ చూపు నాకొద్దు." బ్రెన్నా కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "వేడ్ తెచ్చినదాంట్లో ఆఖరి పొట్లం జూన్‌లో అయిపోయింది. కొట్లో ఆవు మాంసం కొన్నాను, నోటికి పట్టలేదు."

ఆమె విజ్డమ్ బడిలో పిల్లలకు వండుతుంది. పద్దెనిమిది మంది పిల్లలున్న బడి. చిన్నప్పుడు తూర్పు మైదానాల్లో తండ్రి తుపాకీతో జింకలను కొట్టింది గానీ, అది చిన్న కాలిబర్. పెళ్లయ్యాక ఆ అవసరమే రాలేదు.

"వేడ్ తుపాకీ ఉందిగా," అన్నాడు డెల్మర్.

"ఉంది. అదే తెచ్చాను."

వేడ్‌ది త్రీ-హండ్రెడ్ మ్యాగ్నం, ముప్పై-నాట్-సిక్స్ కంటే గట్టిగా తన్నేది. పట్టుబట్టి వాడిచేత దాన్ని కొనిపించింది డెల్మరే. ఇద్దరూ కంకర గుంట దగ్గరికి వెళ్లారు. వంద గజాల దూరంలో అట్టపెట్టె పెట్టాడు డెల్మర్. బ్రెన్నా ట్రక్కు బానెట్ మీద ఇసుక సంచీ వేసి, దాని మీద తుపాకీ ఆనించి కాల్చింది. తుపాకీ వెనక్కి తన్నిన తన్నుకు, గురి చూడటానికి దాని మీద బిగించిన దుర్భిణి అంచు ఆమె కనుబొమకు తగిలి చీరేసింది. రక్తం కంట్లోకి, అక్కణ్నించి చెంప మీదికి కారింది. ఆమె అబ్బా అని కూడా అనలేదు. చొక్కా చేతితో తుడుచుకుంది.

డెల్మర్ ఆ రక్తం చూశాడు. మునుపైతే కంగారుపడి పరుగెత్తేవాడు. ఇప్పుడు ట్రక్కులోంచి గుడ్డ తెచ్చి ఇచ్చాడు, అంతే.

"ఇంకోటి కాల్చు," అన్నాడు.

ఆమెకు తెలియకుండా తుపాకీలో పేలని ఉత్తుత్తి తూటా పెట్టి ఇచ్చాడు. బ్రెన్నా గురి చూసింది, మీట నొక్కింది. ఏమీ పేలలేదు గానీ గొట్టం జానెడు కిందికి పడింది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి.

"చూశావా? పేలకముందే భుజం పారిపోతోంది. దీంతో నువ్వు కాల్చేది ఎల్క్‌ని కాదు, దాని కాళ్ల కింద నేలని."

"అలవాటవుతుందా?"

"కొందరికి అవుతుంది. నీకు అక్కర్లేదు. నీ ఒళ్లెంత, ఈ తుపాకీ తన్నెంత?" అని ఆగాడు. "పెద్ద తుపాకీ కొనమనడం తప్ప నాకు వేరే మాట చేతకాక వేడ్‌తో ఇది కొనిపించాను. వాడికీ ఇదంటే పెద్ద ఇష్టం లేదు."

బ్రెన్నా గుడ్డ నుదుటికి అదిమి పట్టుకుని ఆయన వైపు చూసింది. ఆయన అట్టపెట్టె తేవడానికి వెళ్లిపోయాడు.

తర్వాతి శనివారం ఇద్దరూ డిల్లన్ పట్నానికి వెళ్లారు. అక్కడి తుపాకుల కొట్టు యజమాని ఎల్డన్‌కు డెల్మర్ పాతికేళ్లుగా తెలుసు. ఆయన లోపలికి రాగానే ఎల్డన్ సంతాపం చెప్పబోయి, పక్కనున్న కోడల్ని చూసి ఆగిపోయాడు.

"ఏం డెల్మర్, ఎవరితో దెబ్బలాడటానికొచ్చావ్ ఇవాళ?"

"ఎవరితోనూ కాదు. ఈ అమ్మాయికి ఎల్క్ తుపాకీ కావాలి."

ఎల్డన్ కళ్లు మెరిశాయి. గోడ మీంచి పొడవాటి తుపాకీ ఒకటి దించాడు. "సిక్స్-పాయింట్-ఫైవ్ అమ్మాయ్. మెత్తగా తన్నుతుంది. దీంతో ఏడొందల గజాల్నుంచి కొట్టొచ్చు. పోయినేడు ఒకాయన..."

అంత దూరాన్నుంచి కొట్టేవాళ్ల మీద డెల్మర్‌కు బోలెడు తిట్లుండేవి. ఎల్డన్ ఆ తిట్ల కోసమే చూస్తున్నాడని కూడా ఆయనకు అర్థమైంది. కానీ నోరు తెరిచే ఓపిక లేకపోయింది. కోడలి వైపు తిరిగి ఒకటే అడిగాడు.

"నువ్వు ఎంత దూరాన్నుంచి కాలుస్తావు?"

బ్రెన్నా ఆలోచించింది. "రెండొందల గజాలు. అంతకంటే దూరముంటే ఇంకాస్త దగ్గరికి నడుస్తాను."

"విన్నావుగా ఎల్డన్. రెండొందల గజాల తుపాకీ ఇవ్వు."

మూడు రకాలు చేతిలోకి తీసుకుని చూసింది బ్రెన్నా. ఆఖరికి సెవెన్-ఎమ్మెమ్-జీరో-ఎయిట్ అనే కాలిబర్‌లో వాడిన తుపాకీ ఒకటి నచ్చింది. పొట్టిది, వెనక కర్ర మీద గీతలు పడ్డది. భుజానికి ఆనించగానే కన్ను సూటిగా దుర్భిణిలోకి వెళ్లింది. ముప్పై-నాట్-సిక్స్ కంటే చిన్నదే. డెల్మర్ దాని గొట్టం లోపలికి చూసి, మీట రెండుసార్లు నొక్కి చూసి, తలూపాడు.

"ఇది చాలుతుందా మామయ్యా?"

"చాలుతుంది. నువ్వు కళ్లు తెరుచుకుని కాల్చగలిగేది పెద్దది. కళ్లు మూసుకుని కాల్చేది ఎంత పెద్దదైనా చిన్నదే."

"ఈ మాట నువ్వే అన్నావని కాఫీ కొట్లో చెబితే ఒక్కడూ నమ్మడు," అన్నాడు ఎల్డన్.

"చెప్పకు మరి."

తూటాల దగ్గర బ్రెన్నా రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి చదివింది. ఒకటి లోపల సీసం, పైన రాగి తొడుగు ఉన్నది. రెండోది అచ్చంగా రాగి గుండు. రెండూ నూట నలభై గ్రెయిన్లే. తేడా ఏమిటని అడిగింది. సీసం గుండు లోపల చితికి ముక్కలు చల్లుతుందనీ, కొన్ని ముక్కలు మాంసంలోకి పోతాయనీ, రాగిది పువ్వులా విచ్చుకుంటుంది గానీ ముక్కలవదనీ, ఎముక తగిలినా లోపలికి పోతుందనీ చెప్పాడు డెల్మర్. రాగి గుళ్లు కాలిఫోర్నియా వాళ్ల సోకని పదేళ్లు వెక్కిరించిన మనిషి ఆయన. ఎల్డన్ గల్లా మీద మోచేతులు ఆనించి ఇదంతా వింటున్నాడు.

"అయితే రాగిదే. తినడానికేగా కొడుతున్నది," అంది బ్రెన్నా. "రెండు పెట్టెలివ్వండి."

ఆ తర్వాత ఆమె బయటికెళ్లి ట్రక్కులోంచి వేడ్ తుపాకీ తెచ్చి గల్లా మీద పెట్టింది.

"దీన్ని తీసుకుని దాన్నివ్వండి."

ఎల్డన్ తుపాకీని ముట్టుకోలేదు. డెల్మర్ వైపు చూశాడు. డెల్మర్ కూడా లోపల ఏదో ఒకటి కదులుతుందేమోనని ఎదురు చూశాడు. ఏమీ కదల్లేదు. తుపాకీ తుపాకీలాగే కనిపించింది, ఇనుమూ కర్రా.

"మీకేమైనా అభ్యంతరమా మామయ్యా?"

"నీది. నీ ఇష్టం."

"నాకు దాన్ని చూస్తే కనుబొమ నొప్పి గుర్తొస్తోంది," అంది బ్రెన్నా. "బీరువాలో అది ఊరికే నన్ను చూస్తుంటే నేను తట్టుకోలేను."

ఇంటికొచ్చాక సంగతి తెలిసి ఇర్మా మండిపడింది.

"వేడ్ తుపాకీ పరాయివాడి గోడకి తగిలించొచ్చారా మీరిద్దరూ? నువ్వు పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నావా?"

"ఆ పిల్లది అది."

"ఆ పిల్లదే. నువ్వు వాడి తండ్రివి. ఒక్క మాటైనా అనాలనిపించలేదా?"

"అనిపించలేదు ఇర్మా."

నిజమే చెప్పాడు. ఇర్మాకు ఆ నిజం అబద్ధం కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. నాలుగు రోజులు ఆయనకు కాఫీ పోయలేదు. బ్రెన్నా వస్తే పలకరించేది గానీ, కూర్చోమనేది కాదు.

సెప్టెంబరంతా మామా కోడళ్లు సాయంత్రాలు కంకర గుంట దగ్గరే గడిపారు. బడి అయిపోగానే ఆమె వచ్చేది. రోజుకు అయిదు తూటాలు, అంతకు మించి వద్దనేవాడు డెల్మర్. నిలబడి, కూర్చుని, రెండు కర్రల ఆసరాతో కాల్పించాడు. ముందు కాలు వెనకాల, ఒళ్లు కింది నుంచి మూడో వంతు ఎత్తులో తగలాలని అట్ట మీద బొగ్గుతో బొమ్మ గీసి చూపించాడు. నెల తిరిగేసరికి ఆమె రెండొందల గజాల దగ్గర అన్నం పళ్లెమంత చోట అయిదుకు అయిదూ వేస్తోంది. జనవరి నుంచి డెల్మర్ అన్ని మాటలు ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నీ గుళ్ల గురించే, గాలి గురించే. వేడ్ పేరు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఒక్క సాయంత్రం మాత్రం, తుపాకీలోకి తూటాలు ఎక్కిస్తూ బ్రెన్నా తల ఎత్తకుండా అంది.

"ఆ రోజు పొద్దున మేం గొడవపడ్డాం మామయ్యా. ఏమీ లేదు, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ గురించి. వేడ్ తలుపు గట్టిగా వేసి వెళ్లిపోయాడు. నేను కిటికీ దగ్గరికి కూడా వెళ్లలేదు."

డెల్మర్ ఆ మాటలన్నీ విన్నాడు. జవాబేదో చెప్పాలి. ఆ జవాబు ఎక్కడో చాలా దూరంగా ఉన్నట్టనిపించింది.

"గాలి ఎడం పక్క నుంచొస్తోంది," అన్నాడు. "కొంచెం ఎడంగా పట్టుకో."

ఆమె ఎడంగా పట్టుకుని కాల్చింది.

నవంబరు మొదటి శనివారం తెల్లవారేసరికి ఇద్దరూ నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని పైన్ అడవి అంచున మంచులో కూర్చుని ఉన్నారు. ముందురోజు పిక్కలలోతు మంచు పడింది. చలికి ఊపిరి మీసం మీద గడ్డకడుతోంది. వెలుగొచ్చిన కాసేపటికి ఎల్క్ మంద ఒకటి ఎదుటి వాలు మీద మేస్తూ కనిపించింది. పదకొండు ఆడవి, రెండు దూడలు.

"ఎంత దూరం?" అని గుసగుసగా అడిగింది బ్రెన్నా.

"రెండొందల అరవై."

ఆమె కాల్చలేదు. తుపాకీ భుజాన వేసుకుని వాగు పల్లంలోంచి వంగి నడిచింది. డెల్మర్ వెనకే వెళ్లాడు. మోకాళ్లు నొప్పి పెట్టాయి. నూట ఎనభై గజాలయ్యాక ఆమె కూర్చుని, కర్రల మీద గొట్టం ఆనించి, ఊపిరి వదిలింది. చివరనున్న ఆడది పక్కకు తిరిగింది. దాని వెనక వేరేది ఏదీ లేదు.

తుపాకీ పేలింది. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి, డెల్మర్ చూశాడు. ఎల్క్ నడుం వంచి, నాలుగడుగులు వేసి, మందతో పాటు అడవిలోకి పరుగెత్తింది.

"తప్పిపోయిందా?"

"లేదు. తగిలింది. తగిలినట్టే వంగింది. కూర్చో, అరగంట ఆగాలి. ఇప్పుడే వెంటపడితే ఇంకా దూరం పోతుంది."

కూర్చున్నారు. డెల్మర్ ఫ్లాస్కులోంచి కాఫీ పోసి బ్రెన్నాకు ఇచ్చాడు. ఎదుట ఖాళీ వాలు, మంచు మీద గిట్టల జాడలు. చేయడానికి ఏమీ లేదు. గాలి గురించి చెప్పడానికి కూడా ఏమీ లేదు. ఆయన తనకు తెలియకుండానే మాట్లాడటం మొదలెట్టాడు.

"ఆ రోజు వాడు మా ఇంటికొచ్చాడు."

బ్రెన్నా కప్పు దించింది.

"ఏ రోజు?"

"ఆ రోజే. మీ ఇంట్లోంచి బయల్దేరి, కనుమెక్కేముందు. ఇర్మా డిల్లన్‌లో వాళ్ల చెల్లెలి దగ్గరుంది. నేనొక్కణ్నే ఉన్నా. గుడ్లు వేయించాను. రెండు కప్పుల కాఫీ తాగాడు. కుక్కకి బేకన్ ముక్కేశాడు, వెయ్యొద్దన్నా వింటాడా. ట్రక్కు టైర్లు మార్చాలన్నాడు. ముప్పావు గంటున్నాడు."

"కోపంగా ఉన్నాడా?"

"లేడు."

"నా గురించి ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. బాయిలర్ గురించి అడిగాడు, నా దగ్గర పాత వాల్వు ఏదైనా ఉందా అని. సాయంత్రం వస్తా, తీసి ఉంచమన్నాడు. ఈల వేసుకుంటూ వెళ్లాడు."

ఆమె కప్పు మంచులో పెట్టింది. తర్వాత అడిగింది. "నిజంగానే ఈల వేశాడా, నా కోసం చెబుతున్నారా?"

"నాకు అబద్ధమాడే ఓపిక లేదమ్మా."

ఆ మాట ఆమె నమ్మింది. ముఖం మోకాళ్ల మధ్య పెట్టుకుని ఏడ్చింది, శబ్దం లేకుండా. నారింజ రంగు వీపు మాత్రం కదులుతోంది. డెల్మర్ ఆ వీపు మీద చెయ్యి వేశాడు. చేతికి చేతొడుగు ఉంది, ఒంటికి దళసరి కోటు ఉంది. చెయ్యి వేసినట్టు ఆయనకు కంటితో చూస్తే తప్ప తెలియలేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అంది కాసేపటికి.

"ఎవరూ అడగలేదు. చెప్పాలని నాకు తట్టలేదు."

"అత్తయ్యకి?"

"తనకీ చెప్పలేదు."

బ్రెన్నా తల ఎత్తి ఆయన్ని చూసింది. తిట్టబోతోందనుకున్నాడు. తిట్టలేదు. కప్పులో మిగిలిన కాఫీ మంచులో పారబోసి లేచింది.

"అరగంటైంది."

మంచు మీద మొదట రక్తం చుక్కలుగా, ఆపైన చారలుగా కనిపించింది. చెట్లలోకి నలభై అడుగులు పోయేసరికి ఆడ ఎల్క్ పక్కకు పడి ఉంది, ఎప్పుడో చచ్చిపోయింది. గుండు సరిగ్గా బొగ్గుతో గీసిన చోటే తగిలి అవతలి పక్కకు వెళ్లిపోయింది. బ్రెన్నా చేతొడుగు తీసి దాని మెడ మీద కాసేపు చెయ్యి ఉంచింది. తర్వాత కత్తి అడిగింది.

చీల్చడం, ఒలవడం, తొడలూ భుజాలూ విడదీయడం మధ్యాహ్నం దాకా సాగింది. మంచు మీద జారే స్లెడ్డు బల్ల మీద రెండు విడతలుగా ట్రక్కు దాకా లాగారు. రెండో విడతలో డెల్మర్ జారి పడ్డాడు. బ్రెన్నా లేపింది. "మీరు నడవండి చాలు, బరువు నాకొదిలెయ్యండి," అంది. ఆయన వాదించలేదు.

ఆదివారం పొద్దున డెల్మర్, బ్రెన్నా గ్యారేజీలో పొడవాటి బల్ల వేసి మాంసం కోయడానికి కూర్చున్నారు. ఇర్మా కాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత లోపలికెళ్లి తన కత్తి తెచ్చుకుంది.

"అలా కోస్తే నమల్లేవు," అని బ్రెన్నా చేతిలోని ముక్క తీసుకుంది. "నార ఎటుందో చూడు. దానికి అడ్డంగా కొయ్యి."

"ఇలాగా అత్తయ్యా?"

"ఇంకాస్త పల్చగా."

తుపాకీ సంగతి ఆమె ఎత్తలేదు. మరిచిపోయిందని కాదు. ముగ్గురూ కాసేపు కోశారు. బ్రెన్నా పొట్లాలు కడుతూ మామగారి వైపు ఒకసారి చూసింది, మళ్లీ చూసింది. డెల్మర్‌కు ఆ చూపు అర్థమైంది.

"ఇర్మా," అన్నాడు. "ఆ రోజు వేడ్ ఇక్కడికొచ్చాడు. నువ్వు మీ చెల్లెలింట్లో ఉన్నావు."

ఇర్మా కత్తి ఆగింది.

ఆయన చెప్పాడు. గుడ్లు, కాఫీ, కుక్క, టైర్లు, వాల్వు, ఈల. బ్రెన్నాకు చెప్పిన వరసలోనే, దాదాపు ఆ మాటలతోనే చెప్పాడు. వాతావరణం గురించి చెబుతున్నట్టే వచ్చాయి మాటలు. ఇర్మా ముఖం మాత్రం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"పది నెలలు," అంది. "పది నెలలు నీ దగ్గరుంచుకున్నావా దీన్ని?"

"ఉంచుకోలేదు. అక్కడుందని నాకే తెలియలేదు."

ఇర్మా కత్తి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, ఆయనకెదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"గుడ్లు ఎన్ని వేశావు?"

"వాడికి మూడు. నాకు రెండు."

"టోపీ పెట్టుకున్నాడా?"

డెల్మర్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాల్సి వచ్చింది. ఆ పొద్దుటి వంటింట్లోకి మళ్లీ వెళ్లి, తలుపు దగ్గర నిలబడి, లోపలికొస్తున్న కొడుకుని చూడాల్సి వచ్చింది.

"పెట్టుకున్నాడు. చెవుల మీదికి లాక్కుని ఉంది. లోపలికొచ్చాక తీసి స్టవ్ పక్కన పెట్టాడు. వెళ్తూ మర్చిపోతే నేనే గుమ్మం దాకా వెళ్లి ఇచ్చాను."

ఆ టోపీ సంగతి ఆయనకు అప్పటిదాకా గుర్తే లేదు. చెప్పాక కాసేపు తన చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. వాటికి ఆరిన రక్తమూ కొవ్వూ అంటుకుని ఉన్నాయి. ఏడుపు రాలేదు.

"మళ్లీ చెప్పు," అంది ఇర్మా. "తలుపు తీసిన దగ్గర్నుంచి."

చెప్పాడు. మూడోసారి అడిగితే మూడోసారీ చెప్పాడు. బ్రెన్నా చప్పుడు చేయకుండా కాగితం చించుతూ, పొట్లాలు కడుతూ, ఒక్కోదాని మీద తేదీ రాస్తూ వింది.